మామ పేరు మీద రెండు మూటలు

తెల్లవారకముందే నర్సంపేట బస్టాండుకు వచ్చి, హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డవాళ్లను కాసేపు చూడండి. ఎవరు ఆస్పత్రికి పోతున్నారో అడగక్కర్లేదు. చంకలో స్కానింగ్ కవరు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో ఆరోగ్యశ్రీ కాగితాలు, ఆధార్ జిరాక్సులు. కాళ్ల దగ్గర చద్దరు, చెంబు, రెండు జతల బట్టలు కుక్కిన సంచి. బస్సు రాగానే ముందు కిటికీ పక్క సీటు వెతుక్కుంటారు, దారిలో వాంతి వస్తే ఎవరికీ ఇబ్బంది కాకూడదని. జబ్బు కొత్తగా బయటపడ్డవాళ్లు పక్కవాళ్లతో ఆగకుండా మాట్లాడతారు. పోయివచ్చి అలవాటైనవాళ్లు టికెట్ తీసుకొని కళ్లు మూసుకుంటారు.

మామ బతికున్నప్పుడు మా ఇంటివాళ్లం కూడా ఆ వరుసలో నిలబడ్డాం. ఈసారి మా దగ్గర స్కానింగ్ కవరు లేదు. పాత చీరల్లో కట్టిన రెండు పెద్ద మూటలున్నాయి. కండక్టరు వాటిని డిక్కీలో వేయమన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"పైకే పట్టుకపోదాం అల్లుడా. కింద వేస్తే డీజిల్ వాసన పడ్తది. ఆ వాసన వార్డుల వాళ్లకు పడదు."

కీమో ఎక్కించుకున్న మనిషిని వాసనలు ఎంత బాధపెడతాయో ఆమె దగ్గరుండి చూసింది. పోపు వాసన, అగరొత్తి వాసన, కొత్త సబ్బు వాసన, ఏది వచ్చినా కడుపులో తిప్పేస్తుంది. అందుకే ఆ మూటల్లో ఉన్న ప్రతి గుడ్డనూ వాసన లేని సబ్బుతో ఉతికి, ఎండలో ఆరేసి, మడతపెట్టింది. కండక్టరు కూడా ఇంకేమీ అనకుండా వెనక సీటు పక్కన జాగా చూపించాడు.

మామ మిర్చి రైతు. నర్సంపేట, నల్లబెల్లి, దుగ్గొండి వైపు పండే చపాట మిర్చి సంగతి వరంగల్ జిల్లాలో తెలియనివాళ్లుండరు. గుండ్రంగా, ఎర్రగా టమాటలా ఉంటుంది కాబట్టి టమాట మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంతోషం చూడ్డానికి మామ లేడు. ఆయన నాలుక పక్కన చిన్న పుండు లేచినప్పుడు, కల్లంలో ఘాటుకు నోరు పొక్కిందనుకున్నారు ఇంట్లోవాళ్లు. దవడలో అంబర్ పొగాకు పెట్టుకునే అలవాటు ఏళ్ల తరబడి ఉంది. పుండు మానలేదు. ఏరిన మిర్చి అమ్ముడుపోయినాక చూపించుకుంటానన్నాడు, తర్వాత నారు పోసినాక అన్నాడు. నోట్లో పుండుగానీ తెల్లమచ్చగానీ రెండు మూడు వారాలకు మానకపోతే డాక్టరుకు చూపించాలి. ఆ మాట నేను ఎక్కడ రాసినా రాస్తూనే ఉంటాను, ఎందుకంటే అప్పుడు పట్టుకుంటే చాలావరకు నయమయ్యే జబ్బు ఇది.

ఆపరేషన్‌లో నాలుక సగం పోయింది. మెడ గ్రంథులు తీసేశారు. ముక్కులోంచి గొట్టం వేశారు. స్పృహ వచ్చాక మామ ఏదో అడగబోయాడు, మాట రాలేదు. చేత్తో గాలిలో రాస్తున్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. మర్నాడు మా మరదలు ఇంట్లో అటక మీద వెతికి, తన చిన్నప్పటి పలక, బలపం పట్టుకొని వచ్చింది. మామ దాని మీద రాసిన మొదటి మాట: "మోటరు". పొలం దగ్గర మోటరు బంద్ చేశారా లేదా అని ఒక రాత్రంతా ఆయనకు అదే రంధి. చేశారని చెప్పాక పడుకున్నాడు.

ఆ తర్వాత నెలల తరబడి ఆ పలకే ఆయన నోరు. ఎక్కడ నొప్పో, ఎంత నొప్పో, ఎవరికి ఎంత బాకీ ఉందో, అన్నీ దాని మీదే.

ఇలాంటి సంగతులు ఏ డాక్టరూ చీటీలో రాయడు. రాయాలనుకున్నా ఆయనకు తెలియవు. జబ్బు మనిషి పక్కన రాత్రింబవళ్లు కూర్చున్నవాళ్లకే తెలుస్తాయి. మెడకు కరెంటు పెట్టినప్పుడు (ఊళ్లో రేడియేషన్‌ను అట్లాగే అంటారు) చర్మం కమిలిపోతుంది, కాలరున్న అంగీ తగిలితే ప్రాణం పోతుంది. తల మీదుగా తొడుక్కునే బనీను వేసుకోలేరు, ముందర గుండీలున్నవే కావాలి. నోరు రోజురోజుకూ బిగుసుకుపోతుంది. దాన్ని తెరిపించడానికి ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకోమంటారు, వారం వారం ఒక పుల్ల కలుపుతూ పోవాలి. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు, వంటసోడా కలిపి రోజుకు అనేకసార్లు పుక్కిలించాలి. గొట్టంలోకి జావ పోయాలంటే పెద్ద సిరంజి కావాలి, పలుకు లేకుండా వడకట్టే సన్న జల్లెడ కావాలి. ఇవన్నీ మా అత్తమ్మ ఒక్కొక్కటిగా, ఏడుస్తూ, అర్ధరాత్రి మందుల దుకాణాల వెంట తిరుగుతూ నేర్చుకుంది. మామ పోయాక ఆ విద్యంతా ఆమె దగ్గర మిగిలింది. దాన్ని ఏం చేసుకోవాలి? ఈ ప్రయాణం వెనక ఉన్న ప్రశ్న అదే.

మా వైపు పెత్రమాసకు పెద్దలకు బియ్యం ఇస్తారు. భాద్రపద అమావాస్య అది, ఎంగిలిపూల బతుకమ్మ కూడా ఆ రోజే. పొద్దున చనిపోయినవాళ్ల పేరు చెప్పి బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు, నెయ్యి, దక్షిణ అయ్యగారికి ఇస్తారు, సాయంత్రం ఆడవాళ్లు తంగేడు, గునుగు పేర్చి ఆడతారు. అంతకుముందు దినాలప్పుడు కూడా పడక, దుప్పటి, చెప్పులు, గొడుగు, నీళ్ల చెంబు దానమిచ్చే ఆచారం మనకుంది. పోయినవాడు పోయే దారిలో ఎండకు మాడకూడదు, కాళ్లు కాలకూడదు, దాహంతో ఉండకూడదని మన పెద్దలు ఆలోచించిన తీరు నాకు ఎప్పుడూ గొప్పగానే కనిపిస్తుంది. ఒంటికి సుఖం ఏమేం కావాలో ఆ పట్టీలో ఒక్కటీ వదిలిపెట్టలేదు. అత్తమ్మ అవన్నీ చేసింది. చేసి, దాని పక్కనే ఇది మొదలుపెట్టింది.

"బియ్యం అయ్యగారికిచ్చిన. గివి మీ మామకు" అంది మూటల మీద చెయ్యి వేసి.

బస్సు వరంగల్ రోడ్డెక్కింది. గిర్నిబావి దాటేసరికి వెలుతురు వచ్చింది. రెండు పక్కలా పత్తి చేలు పూతా కాయా మీద ఉన్నాయి. గట్ల మీద గునుగు తెల్లగా విరిసింది. పాకాల చెరువు కింద వరి పచ్చగా ఉంటుంది ఈ రోజుల్లో. గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో తవ్వించిన ఆ చెరువు నీళ్లు ఇప్పటికీ ఇక్కడి పొలాలకు పారుతున్నాయి. ఇంత పంట ఉన్న ప్రాంతానికి రైలు లేదు, రైలెక్కాలంటే నెక్కొండకో వరంగల్‌కో పోవాలి. నర్సంపేటలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పిల్లలు తెల్లకోట్లతో తిరుగుతుంటే ఊరికి కొత్త కళ వచ్చింది. కానీ క్యాన్సర్ అని తేలితే మాత్రం పేదవాళ్లలో చాలామంది దారి ఇంకా హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని క్యాన్సర్ ఆస్పత్రికే. దాదాపు 180 కిలోమీటర్లు.

గీసుగొండ మండలంలోకి వచ్చాక కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పోయే దారి బోర్డులు కనిపిస్తాయి. 2017లో శంకుస్థాపన చేసిన పార్కు అది. మరదలు కిటికీలోంచి చూపిస్తూ, "బావా, ఇక్కడ కుట్టే చిన్నపిల్లల బట్టలు అమెరికా పోతయట" అంది. పత్తి పండే చోటే బట్ట తయారవ్వాలనేది వరంగల్ పాత కోరిక. 1934లో వెలిసిన ఆజంజాహి మిల్లు ఒకప్పుడు ఆ కోరిక తీర్చింది, తర్వాత మూతపడింది. మిల్లు పోయినా మగ్గం మిగిలిన వాడ ఒకటి ఉంది. మేం వరంగల్‌లో దిగింది అక్కడికి వెళ్లడానికే.

కొత్తవాడలో నడుస్తుంటే ఇప్పటికీ ఇళ్లలోంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. శతరంజీలు నేసే వాడ. మన పెళ్లిళ్లలో, భజనల్లో, పంచాయితీల్లో జనం కూర్చున్న నూలు జంపఖానాల్లో ఎన్నో ఇక్కడివే. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. వరంగల్ శతరంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరు ఎంత పెద్దదైనా నేసేవాళ్ల చేతికొచ్చేది తక్కువే, వాడలో మగ్గాలు తగ్గుతూ వస్తున్నాయి.

శతరంజీ రోగికి కాదు, రోగి వెంట వచ్చినవాళ్లకు. అది కూడా అత్తమ్మ నేర్చుకున్న విద్యలోదే. కరెంటు పెట్టించుకోవడమంటే ఒక రోజు పని కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ కొన్ని నిమిషాలు, అట్లా అయిదారు వారాలు. రోజూ నర్సంపేట నుంచి పోయిరాలేరు. మంచం రోగికి దొరుకుతుంది. భార్యో, కొడుకో, తల్లో వరండాలో, మెట్ల పక్కన, చెట్టు కింద పడుకోవాలి. సిమెంటు నేల మీద పల్చటి చద్దరు వేసుకుంటే తెల్లారేసరికి నడుం పట్టేస్తుంది. నడుం పట్టేసిన మనిషి రోగిని ఎట్లా లేపుతుంది, ఎట్లా కూర్చోబెడుతుంది? నూలు శతరంజీ మందంగా ఉంటుంది, చుట్టచుడితే చంకలో ఇముడుతుంది, ఉతికితే ఎండకు ఒక పూటలో ఆరుతుంది. ఒక్క మనిషి పడుకునే కొలతలో నేసినవి కావాలని మరదలు ముందే చెప్పి ఉంచింది. నేత పెద్దాయన బేరం మాట్లాడుతూ ఎందుకు, ఏమిటి అని అడిగి, సంగతి తెలిశాక డబ్బులు లెక్కపెట్టుకొని, లోపలికి వెళ్లి ఇంకో శతరంజీ తెచ్చి కట్టలో పెట్టాడు. "మా వదినె పేరు మీద" అన్నాడు. అంతకుమించి ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

హన్మకొండలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అత్తమ్మకూ మరదలికీ మహాలక్ష్మి కింద జీరో టికెట్. 2023 డిసెంబర్ 9న ఈ పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఊళ్లో దీని మీద ఎన్ని వాదనలు విన్నానో. క్యాన్సర్ ఆస్పత్రికి మూడు వారాలకోసారి కీమోకు వెళ్లే ఆడమనిషిని, ఆమె వెంట వెళ్లే చెల్లెను అడగండి, దాని విలువ ఏమిటో చెబుతారు. ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది, 2023లో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది, కీమోకూ కరెంటుకూ ఆపరేషన్‌కూ అది అక్కరకొస్తుంది. రైల్లో వెళ్లేవాళ్లకు కూడా, క్యాన్సర్ రోగికీ వెంట వచ్చే ఒకరికీ చార్జీలో రాయితీ ఉంది, ఆస్పత్రి నుంచి కాగితం తీసుకోవాలి. ఇవన్నీ పెద్ద ఖర్చులు. ఎవరి లెక్కలోకీ రాని చిన్న ఖర్చులు వేరే ఉంటాయి. మెత్తటి బ్రష్షు, నెత్తికి నూలు టోపీ, ఏసీ గదిలో నాలుగైదు గంటలు సెలైన్ ఎక్కుతుంటే కాళ్లకు మేజోళ్లు. అప్పటికే అప్పుల్లో ఉన్న మనిషి అవి కొనుక్కోడు, ఓర్చుకుంటాడు. ఆ ఓర్చుకోవడాన్ని తప్పించాలనే అత్తమ్మ పట్టుదల.

పెంబర్తి దాటాక ఎండ ఎక్కింది. మరదలు మూట విప్పి ఓసారి లెక్క చూసుకుంది. పలకలు, బలపాలు. కాలరు లేని తెల్ల అంగీలు, ముందర గుండీలవి. నూలు టోపీలు. మూతున్న స్టీలు గ్లాసులు, ఫ్లాస్కులు. కొన్ని రకాల కీమోలకు చల్లటి నీళ్లు తాగితే, చల్లటి గ్లాసు పట్టుకున్నా సరే, వేళ్లూ గొంతూ జివ్వుమని గుంజుతాయి. ఫ్లాస్కు అందుకు. అడుగున ఉన్నవి గుండె ఆకారంలో కుట్టిన చిన్న దిండ్లు.

ఆ దిండ్ల వెనక వేరే కథ ఉంది. అత్తమ్మ వాళ్ల వాడలో ఒకామెకు రొమ్ము ఆపరేషన్ అయింది. చంకలో గ్రంథులు తీసేసినప్పుడు చెయ్యి దగ్గరికి ఆనించుకోలేరు, దూరంగా పట్టుకోలేరు, పక్కకు తిరిగి పడుకోలేరు. చంక కింద మెత్తగా ఇమిడే దిండు ఉంటే చేతి బరువు గాయం మీద పడదు. ఈ ఆకారాన్ని అమెరికాలో, తానే రొమ్ము క్యాన్సర్ బారిన పడిన ఒక నర్సు వాడుకలోకి తెచ్చింది. అక్కడి నుంచి డెన్మార్క్‌కు, ఇంకా ఎన్నో దేశాలకు పోయింది. ఎక్కడ చూసినా కుట్టేది ఎక్కువగా ఆడవాళ్లే, ఊరికే ఇచ్చేస్తారు. దాని కొలతలు మరదలు ఫోన్లో చూసి కాగితం మీద గీసింది. వాడలో మిషన్ కుట్టే ఆడవాళ్లు ముక్కలు పంచుకొని, పనులన్నీ అయ్యాక రాత్రిపూట కుట్టారు. ఆపరేషన్ అయిన ఆమె ప్రతి దిండునూ తన చంకలో పెట్టుకొని చూసి, దూది ఎక్కువైతే తీయించింది, తక్కువైతే పెట్టించింది. పైగలీబును విప్పి ఉతుక్కునేట్టు నాడా పెట్టాలని చెప్పింది కూడా ఆమే.

ఏం ఇవ్వాలన్నది ఇంట్లో కూర్చొని తేల్చుకునే సంగతి కాదు. మరదలు ముందే వార్డు సిస్టర్‌కు ఫోన్ చేసి అడిగింది. ఏం కావాలి అన్నదానికంటే ఏం వద్దు అన్న జవాబే పొడుగ్గా వచ్చింది. పూలు వద్దు. కోసిన పండ్లు, ఇంట్లో వండిన పదార్థాలు వద్దు. కీమో ఎక్కాక వారం, పది రోజులకు రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు మామూలు సూక్ష్మక్రిమి కూడా ప్రాణం మీదకు తెస్తుంది. పిల్లల వార్డుకు బొచ్చు బొమ్మలు వద్దు, తుడిచి శుభ్రం చేయగల ప్లాస్టిక్ బొమ్మలు, రంగు పెన్సిళ్లు, బొమ్మల పుస్తకాలు ఇవ్వొచ్చు. విప్పిన మందులు అసలే వద్దు. బలం పొడి డబ్బాలు డాక్టరు చెప్పకుండా వద్దు, కిడ్నీ బాగాలేనివాళ్లకు అవి చేటు చేస్తాయి. కమిలిన చోట రాసే నూనెలూ పూతలూ ఏవీ వద్దు, కరెంటు పెట్టే డాక్టరు రాసిందే రాయాలి. ఫొటోలు తీయొద్దు.

ఈ చివరిది నన్ను బాగా ఆకట్టుకుంది. మనం ఇచ్చే అరటిపండుకు రోగి ముఖం వెలగా? నెత్తి మీద జుట్టు లేక, మూతి వంకరపోయి, పెళ్లికెదిగిన బిడ్డ ఉన్న మనిషి, ఆ బొమ్మ ఊరంతా తిరిగితే ఏమనుకుంటాడు? నేను నా ఫోన్ సంచి అడుగున వేసుకున్నాను.

ఉప్పల్‌లో దిగి ఆటోలో రెడ్ హిల్స్ చేరాం. ఎంఎన్‌జే అని అందరూ పిలిచే ఈ ఆస్పత్రి 1955లో రేడియం వైద్యం కోసం మొదలైంది. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నరైన నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ పేరు దానికి ఉంది. పక్కనే పిల్లల ఆస్పత్రి నిలోఫర్. ఈ రెండింటి మధ్య సందుల్లో ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దు యాసలన్నీ వినిపిస్తాయి. 2023లో అరబిందో ఫార్మా ఫౌండేషన్ కట్టించిన 300 పడకల కొత్త బ్లాకు వచ్చాక జాగా పెరిగింది, జనమూ పెరిగారు. సర్కారు ఆస్పత్రుల దగ్గర వెంట వచ్చినవాళ్లకు 5 రూపాయల భోజనం 2022లో పెట్టారు, ఆ వరుసలో నిలబడి తిన్నవాళ్లలో మా అత్తమ్మ ఒకతి. "ఆకలైతది గని మీ మామ ముందట తినబుద్ధి కాకపోయేది. గొట్టంల నీళ్లు పోసి, బయటికొచ్చి తినేదాన్ని" అంది, ఆ చోటు చూపించి.

సిస్టర్ మమ్మల్ని గుర్తుపట్టింది. అత్తమ్మ చేతులు పట్టుకుంది, మూటల్లోవి ఒక్కొక్కటీ చూసి కొన్ని పక్కన పెట్టించింది. పలకలు ఆపరేషన్ వార్డుకు, అంగీలు కరెంటు దగ్గరికి, దిండ్లు ఆడవాళ్ల వార్డుకు. చాలావరకు ఆమెకే అప్పజెప్పాం. ఎవరికి ఎప్పుడు అవసరమో ఆమెకు తెలుస్తుంది. ఆపరేషన్ అయ్యాక లేచి కూర్చున్న మొదటి పూటే దిండు ఇస్తే మేలు.

వార్డులోకి అత్తమ్మ ఒక్కతే వెళ్లింది. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. లోపల ముక్కు గొట్టంతో ఒకాయన, పక్కన ఆయన భార్య. మహబూబాబాద్ వైపు మాట. ఆమె జావ చిక్కగా పోస్తుంటే సిరంజి దిగడంలేదు. అత్తమ్మ ఎవరూ చెప్పకుండానే వెళ్లి, గోరువెచ్చని నీళ్లు కలిపి, సిరంజి ఎంత ఎత్తున పట్టుకోవాలో, ఒత్తకుండా దానంతట అదే దిగేట్టు ఎట్లా వదలాలో చూపించింది. పోసేముందు తల కింద రెండు దిండ్లు పెట్టించింది. పోశాక గొట్టంలో ఉత్త నీళ్లు పోసి కడగాలని చెప్పింది. అక్కడున్న సిస్టర్ చూసి తలూపింది. ఆ తర్వాత అత్తమ్మ పలక తీసి ఆయన ఒడిలో పెట్టింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బలపం పట్టి, భార్య వైపు తిరిగి, ఏదో రాశాడు. ఆమె చదువుకోలేదు, అత్తమ్మకిచ్చింది. అత్తమ్మ చదివి వినిపించింది:

"నువ్వు తిన్నవా?"

ఆమె లేదన్నట్టు తలూపింది. అత్తమ్మ ఆమెను లేపి, భోజనం వరుస ఎక్కడుందో చూపించడానికి కిందికి తీసుకెళ్లింది. అంతసేపూ మరదలు ఆయన పక్కన కూర్చుంది.

ఇచ్చిన వస్తువు కంటే ఇచ్చిన మనిషి ముఖ్యమని నేను అనను. వస్తువు కావాలి, పలక లేకపోతే ఆ ప్రశ్న ఆయన లోపలే ఉండిపోయేది. కానీ అదే పలకను ఏ సంస్థో పెట్టెలో పెట్టి పంపితే ఈ సిరంజి సంగతి ఎవరు చెప్పేవాళ్లు? ఆ ఇద్దరు ఆడవాళ్లనూ చూశాక నాకు అర్థమైంది, అత్తమ్మ మామ పేరు మీద ఇస్తున్న దానంలో మూటలు కొంత భాగమే.

ఇక్కడి నొప్పి వైద్యం విభాగం గురించి ఒక మాట చెప్పాలి. నయంకాని దశలో ఉన్నవాళ్లకు ఈ ఆస్పత్రిలో 2006 ప్రాంతం నుంచి డాక్టర్ గాయత్రి పాలాట్ బృందం పనిచేస్తూ వచ్చింది. కాలికట్‌లో 1993లో మొదలైన నొప్పి వైద్య ఉద్యమం నుంచి నేర్చుకున్న దారి అది. అక్కడ ఇరుగుపొరుగువాళ్లే శిక్షణ తీసుకొని రోగి ఇంటికి వెళ్తారు. మత్తుమందుల చట్టం భయంతో మార్ఫిన్ ఏళ్ల తరబడి ఆస్పత్రులకు అందలేదు, 2014లో చట్టం సవరించాక కొంత తేలికైంది. తెలంగాణలో 'ఆలన' పేరుతో ఇంటికొచ్చి చూసే బండ్లు కూడా వచ్చాయి. మామ చివరి రోజుల్లో ఆయనకు దక్కిన నిద్ర ఆ మార్ఫిన్ బిళ్లలదే. పలకా దుప్పటీ టోపీ, ఇవేవీ నొప్పికి మందు కావు. నొప్పికి మందు ఉంది, అడిగి తీసుకోవాలి. అత్తమ్మ వార్డులో ప్రతి ఒక్కరికీ అదే చెప్పింది: "నొస్తుందంటే నొస్తుందని చెప్పుండ్రి. ఓర్సుకోకుండ్రి."

తిరుగు ప్రయాణానికి ఇంకా టైముంది. మరదలు బసవతారకం ఆస్పత్రి చూడాలంది. బంజారాహిల్స్ దాకా వెళ్లాం. పోయినవాళ్ల పేరు మీద తెలుగువాళ్లు చేసిన పనుల్లో దీన్ని మించింది నాకు తెలియదు. ఎన్టీ రామారావు భార్య బసవతారకం 1985లో క్యాన్సర్‌తో పోయారు. ఆమె పేరుతో ట్రస్టు పెట్టారు, అమెరికాలోని తెలుగు డాక్టర్లు నోరి దత్తాత్రేయుడు వంటివాళ్లు తోడొచ్చారు. 2000 జూన్ 22న ప్రధాని వాజపేయి ఆస్పత్రిని ప్రారంభించారు. రామారావు 1996లోనే పోయారు కాబట్టి తలుపులు తెరవడం ఆయన చూడలేదు. అత్తమ్మ గేటు దగ్గర నిలబడి ఆ పేరున్న బోర్డు చాలాసేపు చూసింది. "భార్య పేరు పెట్టిండు. మంచిగ చేసిండు" అంది. ఇంకేమీ పోల్చలేదు. ఆస్పత్రి కట్టినాయనా, అంగీకి కాలరు తీసేయించినామె, ఇద్దరూ ఒకటే పని మీద ఉన్నారని ఆమె మొహం చూస్తే నాకనిపించింది. ఆ మాట పైకి అనలేదు, అంటే ఆమె ఒప్పుకోదు.

సాయంత్రం ఉప్పల్‌లో బస్సెక్కి కూర్చున్నాక సిస్టర్ నుంచి మరదలికి ఫోన్ వచ్చింది. పంచిన లెక్క చెప్పింది. శతరంజీలు గంటలో అయిపోయాయి. అంగీల్లో పెద్ద సైజులు మిగిలాయి. జబ్బు మనుషులు చిక్కిపోతారు కదా, వచ్చేసారి చిన్నవి కుట్టించమంది. ఇంకోటి అడిగింది. కీమోతో అరికాళ్లు తిమ్మిరెక్కి, స్పర్శ తెలియక, చెప్పు ఎప్పుడు జారిపోయిందో కూడా గమనించుకోనివాళ్లు వార్డులో చాలామంది ఉన్నారు. మెత్తటి అడుగు, మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు దొరుకుతాయా?

అత్తమ్మ ఫోన్ తీసుకుంది. "ఏ నంబర్లు కావాలె సిస్టరమ్మా? ఆడోళ్లయి ఎన్ని, మొగోళ్లయి ఎన్ని?" అని అడుగుతూ, మరదలిని రాసుకోమని సైగ చేసింది. రాయడానికి కాగితం దొరకలేదు. మిగిలిపోయిన ఒక పలక సంచిలో ఉంటే మరదలు దాని మీదే రాయడం మొదలుపెట్టింది. భువనగిరి దాటేదాకా వాళ్లిద్దరూ నర్సంపేటలో ఏ చెప్పుల దుకాణమాయన బాకీకి ఇస్తాడు, పత్తి డబ్బులు ఎప్పుడు చేతికొస్తాయి, వాడలో ఎవరెవరిని అడగొచ్చు అని మాట్లాడుకుంటూనే ఉన్నారు.